గిడ్డమ్మ కళ్ళంలో మోటారు గాలి

కళ్ళంలో గాలి పడిపోతే మనుషులు ఏం చేస్తారు? కూచుంటారు. ఊరికే కూచున్న మనిషికి ఏం కావాల? మాట కావాల. మాటకు నా దగ్గర ఏనాడూ కరువు లేదు కాబట్టి, ఆ పొద్దు గిడ్డమ్మ కళ్ళం పక్కన నా బాడుగ మోటారు కారు ఆగడం వాళ్ళ అదృష్టమేనని నేను ఇప్పటికీ అంటాను.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. దసరా దాటింది. బాడుగ మనుషుల్ని ఒక పల్లెలో దించి నేను కోడుమూరుకు ఖాళీగా తిరిగి వస్తున్నాను. దావ పక్కనే చేను, చేనులో పేడతో అలికిన కళ్ళం, కళ్ళంలో కొర్రల రాశి, రాశి పక్కన ముగ్గురు మనుషులు. గిడ్డమ్మను నేను ముందే ఎరుగుదును. మొగుడు పోయినాక ఆ చేనును గుత్తకు తీసుకొని చేసుకుంటున్న మనిషి. చిన్న ఈరన్న ఆమె మరిది. మూడో ఆయన పత్తి ఏకే హుసేన్ వలి, కొత్త పత్తి ఇంకా చేతికి రాలేదని కళ్ళం పనికి వచ్చినాడు. ఎద్దులతో తొక్కించడం అయిపోయింది. గింజా పొట్టూ కలిసిపోయిన రాశిని ఇక తూర్పార పట్టాల. పడదామంటే గాలి లేదు. చేట ఎత్తి వదిలితే పొట్టు నిటారుగా వచ్చి మళ్ళీ గింజ మీదనే పడుతుంది. దసరా పోయినప్పటి నుంచి ఆకు కదల్లేదంట. ఈశాన్యం మూల మాత్రం నల్లగా మోడం పట్టి ఉంది. ఆ వాన దిగితే రాశి తడుస్తుంది, తడిసిన కొర్ర మొలక ఎత్తుతుంది, గిడ్డమ్మకు ఏడాది కూడు పోతుంది. ఈ మాట ఎవరూ పైకి అనడం లేదు. ఆమె మోడాన్ని చూస్తుంది, చేటను చూస్తుంది, మళ్ళీ మోడాన్ని చూస్తుంది, అంతే.

నేను మోటారు దిగి, చేతిలో డబ్బా పట్టుకొని, చెప్పులు గట్టున విడిచి, వాళ్ళ దగ్గరికి పోయి కూచున్నాను. ఖాళీ డబ్బా ఎందుకని అడుగుతారేమో. డ్రైవరన్నాక చేతిలో ఏదో ఒకటి ఉండాల.

"ఏం తిమ్మన్నా, మోటారు ఆవిర్లు కక్కుతా వచ్చినట్లుండాది?" అన్నాడు హుసేన్ వలి.

"ఆవిరి గాదు వలీ, అది దుమ్ము. ఆవిరి కక్కే జబ్బు నా మోటారుకు ఎప్పుడో పాయ. ఆ జబ్బు ఎట్ల మానిపించినానో మీకు చెప్పలేదు గదా?"

"చెప్పొద్దులే," అన్నాడు ఈరన్న.

"అడుగుతాండారు కాబట్టి చెప్తాండా," అని నేను మొదలు పెట్టినాను.

"ఒకప్పుడు ఆ జబ్బు ఉండె, లేదనను. కర్నూలుకు పోయేలోపల ఊరూరి కాడ ఆగి కడవెడు నీళ్ళు తాగేది. నా మోటారు శబ్దం వింటే ఆడోళ్ళు బిందెలకు కొంగు కప్పుకొని పక్క దావ పడతాండ్రి. మనిషి దాహమని అడిగితే లేదనే ఊరు మన సీమలో లేదప్పా. చెలమలో నీళ్ళు చెంబుడే ఉన్నా ఆ చెంబు ఇస్తారు. అదే మోటారు దాహమని అడిగితే ఏమనాలో ఎవరికీ తెలీదు. ఒక ముసలామె, సుంకులమ్మ అని, బిందె తెచ్చి నా ముందర పెట్టి, 'నాయనా, ఇవి నా ఆవు కోసరం తెచ్చుకున్న్యా. నీ మోటారు పాలిస్తాదా?' అని అడిగె. అడిగి, ఆమే పోసింది. తిట్టింటే బాగుండు. ఆ మాట తుమ్మముల్లు మాదిరి దిగబడి నడిచినప్పుడల్లా గుచ్చుతాండె.

"సరే, ఆలోచన చేసినా. మోటారుకు నీళ్ళు ఎందుకు కావాల? ఇంజను కాగుతాది కాబట్టి. ఎందుకు కాగుతాది? ముందర ఒక ఫ్యాను ఉండాది గదా, అది రేడియేటరు లోపలికి గాలి లాగి నీళ్ళను చల్లార్చాల. కానీ దాన్ని తిప్పేది ఎవరు? ఇంజనే, బెల్టేసి తిప్పుతాది. ఇంజను జోరుగా తిరిగితే అదీ జోరు, మెల్లగైతే అదీ మెల్లగ. గట్టెక్కేటప్పుడు, వాగు ఇసకలో ఈడ్చుకుంటా పోయేటప్పుడు, రైలు గేటు కాడ నిలబడినప్పుడు, కాగడం శానా, గాలి తక్కువ. గాలి కావలసిన గడియలోనే గాలి ఉండదు."

"మా కళ్ళం మాదిరి," అంది గిడ్డమ్మ.

"సరిగ్గా అంతే అక్కా. ఎద్దును చూడు, నిలబడినా తోకతో ఈగల్ని తోలుకుంటాది. మోటారుకు ఆ మాత్రం తెలివి లేకపాయె. నిలబడినా ఊగే తోక ఒకటి దీనికి పెట్టాల అనుకుంటి. గుంతకల్లులో లాజరని ఒకాయన, మిలిటరీ వాళ్ళు వద్దని వదిలేసిన సామాన్లు పెట్టుకొని అమ్ముతాంటాడు. ఆయన అంగట్లో మూలకు రెండు చిన్న కరెంటు ఫ్యాన్లు పడుండె, అరచెయ్యంత రెక్కలు, బ్యాటరీ మీద తిరిగేటివి. 'ఇవి ఎందుకు పనికొస్తాయో నాకే తెలీదు' అన్నాడు లాజరు. 'నాకు తెలుసు' అని తెచ్చుకుంటి.

"ఇంజను ఫ్యాను రెక్కలు విప్పేసినా. బెల్టు మాత్రం విప్పలా. ఎందుకో తెలుసునా? ఆ బెల్టే డైనమోను తిప్పుతాది, డైనమో బ్యాటరీకి కరెంటు పెడతాది. బెల్టు విప్పితే ఎద్దుకు మేత మానిపించినట్లే. రేడియేటరు ముందర అడ్డంగా ఇనప పట్టీలు బిగించి, వాటికి రెండు ఫ్యాన్లు కూచోబెట్టి, లోపల చక్రం పక్కన ఒక స్విచ్చి పెట్టినా. స్విచ్చి వేస్తే రెండూ రుయ్యిమని తిరిగె. ఇంజను ఆపేసి చూస్తి. ఇంకా తిరుగుతానే ఉండాయి."

"ఇంతవరకు నమ్ముతా. ఇంతటితో ఆపు," అన్నాడు ఈరన్న.

ఇంతటితో ఆపేదానికి నేనేమన్నా పాత ఫ్యానునా?

"ఆ పొద్దు కర్నూలుకు పోయి వస్తి. ఉద్ధరిణెడు నీళ్ళు తాగలా. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు వరకు నా మోటారు ఒకరి ఇంటి నీళ్ళు అడిగింది లేదు."

గిడ్డమ్మ నా పక్కనున్న డబ్బా వైపు ఒకసారి చూసింది. దానికి ఎండ తగులుతోందని నేను దాన్ని వెనక్కి జరుపుకున్నాను.

"తాగకపోవడం ఒక లెక్కా? ఆ నీళ్ళు చల్లబడేది మొదలుపెట్టె. రోహిణి కార్తెలో ఒక పెండ్లోళ్ళను తోలుకొని పోతాంటే, ముందర కూచున్న పెండ్లికొడుకు తాతకు పండ్లు కటకటమని కొట్టుకుంటాండాయి. బయట చూస్తే రాళ్ళు పగిలే ఎండ. లోపల ఆయనకు కంబళి కప్పితిమి. ఫ్యాన్లు ఆపమంటాడా అని చూస్తే ఆపనీయడు, 'ఇట్లాంటి చలి కాశీలో కూడా తెలీలేదప్పా' అంటాడు. విడిదికాడ పానకానికి చల్లని నీళ్ళు లేవని పెండ్లికూతురు వాళ్ళు కిందా మీదా పడతాంటే, నేను పోయి రేడియేటరు కిందుండే బిరడా విప్పి రెండు బిందెలు పట్టిస్తి."

"అవి తుప్పు నీళ్ళు గదప్పా," అన్నాడు హుసేన్ వలి.

"అందుకే బెల్లం తక్కువైనా రంగు తిరిగింది. ఇంకో లోటా పొయ్యమని అడిగి తాగిరి. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఒకనాడు నట్టనడి దావలో పెట్రోలు అయిపాయ. ఇంజను నిలబడె. ఫ్యాన్లు మాత్రం తిరుగుతాండాయి. ఏం చేద్దామా అని నేను కూచొని చూస్తాంటే, దావ పక్కన తంగేడు చెట్లు ఒకటొకటి వెనక్కి పోతాండాయి. వీటికి ఏం పుట్టిందప్పా అనుకుంటి. చూద్దును గదా, చెట్లు గాదు పోయేది, మోటారు. ఆకాశంలో విమానాన్ని లాక్కొని పోయేది ఏంది? ముక్కు మీదుండే ఫ్యానే గదా. ఇదీ అంతే. చప్పుడు లేదు, పొగ లేదు, కోడుమూరు సంత నడిమధ్యకు పోయేవరకు ఒక ఎద్దు కూడా తల తిప్పి చూడలా."

"అయితే పెట్రోలు ఎందుకప్పా పోయిస్తాండావు ఇంకా?" అన్నాడు ఈరన్న.

"మర్యాద. పెట్రోలు అమ్మే ఆయనా బిడ్డలు గలోడే."

హుసేన్ వలి నోటికి పైగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. ఈరన్న చేతిలో కొర్ర కంకి నలుపుతూ, గింజలు ఊది చూసుకుంటున్నాడు. అరచేతిలో ఆ కాస్త పొట్టు పోయేదానికి కూడా మనిషి ఊదాల్సి వస్తోంది. గిడ్డమ్మ లేచి చేటెడు కొర్రలు ఎత్తి వదిలింది. పొట్టు ఎక్కడి నుంచి బయలుదేరిందో సరిగ్గా దాని కిందనే వచ్చి పడింది. ఆమె మళ్ళీ కూచుంది. "చెప్పు తిమ్మన్నా," అంది, "నీ మాట వింటాంటే మోడం కొంచెం దూరముండేట్లు అనిపిస్తాది."

అంత మాట అన్నాక నేను ఊరుకుంటే పాపం తగలదా?

"కర్నూలుకు రాజధాని వచ్చె గదా. ఇండ్లు చాలక ఆఫీసులు డేరాల్లో పెట్టుకున్నారు, మీరు చూసింటారు. ఒక ఆఫీసరును తోలుకొని పోయి, డేరాలకు మోటారు వీపు పెట్టి నిలిపి, ఆయన దిగిపోయినాక టీ తాగేదానికి పోతి. స్విచ్చి ఆపేది మరిచిపోయినా. టీ సగం తాగింటి, జనం 'పాయ పాయ' అని పరిగెత్తుతాండారు. వచ్చి చూస్తే, నా ఫ్యాన్ల గాలి దూరి మొదటి డేరా నెలలు నిండిన ఆడమనిషి మాదిరి ఉబ్బి ఉండాది. మేకులు ఒకటి తరువాత ఒకటి భూమిలోంచి లేస్తాండాయి. చూస్తాండంగానే ఆఫీసు గాల్లోకి లేచె. గుమాస్తాలు పగ్గాలు పట్టుకొని యాలాడతాండారు, చెవి సందున పెట్టుకున్న పెన్సిళ్ళు చెవి సందునే ఉండాయి. కాగితాలు కొంగల బారు మాదిరి తుంగభద్ర మీద పోతాండాయి. పైనుంచి పెద్ద గుమాస్తా కిందున్న జనాన్ని చూసి, 'అర్జీలుంటే ఆడ పెట్టి పోండి, దిగినాక చూస్తాము' అంటాండాడు."

"ఆయన మాత్రం నిజమే చెప్పింటాడు," అన్నాడు హుసేన్ వలి.

"నవ్వొద్దు వలీ. ఆ డేరా యాడికి పోతాండాదో ఆలోచన చెయ్యి. ఏటికి అడ్డంగా పోతాండాది. ఏటి అవతల గట్టు ఎవరిది? హైదరాబాదు వాళ్ళది. ఇంకో గడియ పోయింటే మన రాజధాని పోయి హైదరాబాదు వాళ్ళ ఒళ్ళో పడుండు. నేను పరిగెత్తి స్విచ్చి ఆపితి. డేరా మెత్తగా ఏటి ఇసకలో దిగె. ఒక్క గుమాస్తాకు గోరు విరగలా. ఆ పొద్దు నేను ఆపకుంటే రాజధాని ఇప్పుడు యాడుండునో నువ్వే చెప్పు."

తరువాత అది హైదరాబాదుకు పోనే పోయింది, అది వేరే సంగతి. దానికి నా ఫ్యాన్లు కారణం కాదు.

"నీకు మెడలో పతకం వెయ్యలేదా?" అన్నాడు ఈరన్న.

"వేస్తామని రాసిరి. ఆ కాగితం కూడా గాల్లోనే పాయ. పతకానికి ఆశపడే మనిషినా నేను? పోయినేడు కమలాపురం పోయింటి. ఆడ శనక్కాయ పీకి చేలల్లో ఆరబెట్టుకున్నారు. మోడం వచ్చి నెత్తిన నిలబడె. పడితే కాయంతా బూజు. రైతులు నా మోటారు చుట్టూ నిలబడి, 'తిమ్మన్నా, నీ ఫ్యాన్ల పేరు విన్నాము, ఏమన్నా చెయ్యి' అనిరి. మోటారును గుట్ట మీదికి ఎక్కించి, తోక మోడం దిక్కు పెట్టి, స్విచ్చి వేస్తి. మోడం రవ్వంత సేపు ఆలోచన చేసె. కదలాల్నా వద్దా అని. ఆమీన గొర్రెల మంద మాదిరి తల తిప్పుకొని నడిచె. నేను ఎనకాల తోలుకుంటా పోతి. ఎర్రగుంట్ల దాటిస్తి. దావలో ఎవరి చేను బీటలు పడింటే వాళ్ళ చేను మీద కొంచెం సేపు నిలిపి, ఇంత కురిపించి, మళ్ళా తోలుకొని..."

ఉరిమింది.

కమలాపురం మోడం కాదు, మా ఎదురుగా ఉన్నదే. దూరంగా, బండి మీద రాళ్ళు దొర్లించినట్లు.  గిడ్డమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు చుట్టుకుంది.

"తిమ్మన్నా, మోడాన్ని నువ్వేం తొయ్యొద్దులే. అంత పెద్ద పని నేను చెప్పను. ఈ రాశిలో పొట్టు తొయ్యి, చాలు. ఆ ఫ్యాన్లు తెచ్చి ఈడ తిప్పు."

నేను మోటారు వైపు చూసినాను. మోటారు నా వైపు చూసినట్లుంది. "తిప్పొచ్చు గానీ అక్కా, అవి మోటారు ఫ్యాన్లు. వాటి గాలి కళ్ళానికి ఎక్కువైపోతాది. గింజ కూడా కొట్టుకొని పోతాదేమో అని నా భయం."

"గుమాస్తాలకే గోరు విరగలేదంటివి, గింజలకేమైతాది?" అంది.

"బ్యాటరీ..."

"పానా యాడుంటాదప్పా?" అని అప్పటికే హుసేన్ వలి మోటారు దగ్గరికి పోయి నిలబడినాడు.

సరే అన్నాను. కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ పోరు. నా మోటారు నాలుగు చెప్పులు వేసుకొని ఉంది కాబట్టి దాన్ని గట్టు వరకే తెచ్చి ఆపినాను. పట్టీలు విప్పి, రెండు ఫ్యాన్లనూ కళ్ళంలో ఉండిన ముక్కాలి పీటకు పక్క పక్కన కట్టి, ముందర దీపాల తీగలు విప్పి ఫ్యాన్ల తీగలకు అతికించి, పొడుగు చేసి రాశి దాకా లాగినాను. గిడ్డమ్మ ఎప్పటి మాదిరే ఎద్దుల బండి మీద ఎక్కి నిలబడి, చేట తలకంటే ఎత్తుకు ఎత్తింది. "పొలి, పొలి" అన్నాడు ఈరన్న, కళ్ళంలో రాశి ఎగరేసేటప్పుడు అనే మాట. నేను స్విచ్చి వేసినాను.

రుయ్యిమని తిరిగినాయి. చేటలోంచి గింజా పొట్టూ కలిసి ధారగా దిగినాయి. ఫ్యాన్ల ముందరకు వచ్చేసరికి పొట్టు కొంచెం పక్కకు ఒరిగినట్లు చేసి, ఆలోచించి, మళ్ళీ గింజ మీదనే కూచుంది.

ఈరన్న ఆకాశం వైపు కన్నుల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసినాడు. "గుమాస్తాలు యాడ యాలాడతాండారప్పా, ఒకరూ కనపడరే."

నేను వంగి తీగ అతుకు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నాను. ఎంత సేపని చూసుకుంటాను? తల ఎత్తేసరికి గిడ్డమ్మ బండి దిగి ఫ్యాన్ల ముందర నిలబడి ఉంది. నవ్వలేదు. అరచెయ్యి గాలికి పెట్టి, ముందుకూ వెనక్కూ జరిపి చూసుకుంటోంది, పొయ్యి మీద పెనం కాగిందా లేదా అని చూసినట్లు. మూరెడు దూరం వరకు గాలి ఉంది, దాని అవతల లేదు. ఆమె ఆ మూరెడూ చూసుకుంది. దేవుని గాలి పైన అంతటా ఉంటుంది కాబట్టి పైనుంచి వదులుతారు. నా గాలి మోకాలెత్తు దగ్గర మాత్రమే ఉంది. అందుకని ఆమె గొంతుక్కూచుంది. చేటను మోకాలెత్తులో, ఫ్యాన్లకు ఆనించినంత దగ్గరగా వాలుగా పట్టి, ఉప్పు చల్లినట్లు సన్నగా జార్చింది.

పొట్టు పక్కకు పోయింది. గింజ కిందికి దిగింది. పసుపు రంగులో, శుభ్రంగా, ఇంత పొట్టు లేకుండా కొర్రలు.

ఈరన్న వంగి గుప్పెడు గింజ ఎత్తి చూసుకున్నాడు. నేను కూడా. నా ఫ్యాన్ల గురించి నేను చెప్పుకున్నవాటిలో ఇది లేదు. మోడాన్ని తోలినాను, రాజధానిని ఎగరేసినాను, ఒక మూరెడు గాలితో ఒక చేటెడు కొర్రలు శుభ్రం చెయ్యొచ్చునని మాత్రం నాకు తోచలేదు.

ఆమీన పని పడింది. ఈరన్న చేటలు నింపి అందిస్తాడు, గిడ్డమ్మ జారుస్తుంది, హుసేన్ వలి పొట్టును చీపురుతో అవతలికి లాగి కుప్ప వేస్తాడు, పత్తి ఏకే చెయ్యి కదా, గింజ ఒక్కటి పోనీయడు.  మోడం మాత్రం దగ్గరికి వస్తూ ఉంది. రాశి సగం కాకముందే ఫ్యాన్ల గొంతు సన్నబడింది. రుయ్యి పోయి మూలుగు వచ్చింది. బ్యాటరీ దిగిపోతోంది.

దానికి మందు నాకు తెలుసు. హ్యాండిలు వేసి తిప్పి ఇంజను లేపినాను. ఇంజను తిరిగితే డైనమో తిరుగుతుంది, డైనమో ఫ్యాన్లకు మేత పెడుతుంది. ఫ్యాన్లు మళ్ళీ రుయ్యిమన్నాయి. బాగుంది. కానీ ఆలోచించండి, మోటారు ముందరుండాల్సిన ఫ్యాన్లు కొర్రల ముందర ఉన్నాయి. ఇంజనును చల్లార్చేది ఎవరు? ఇంకొన్ని చేటలు గడిచేసరికి నా మోటారు బోనెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. ఈసారి దాన్ని దుమ్మని అనేదానికి లేదు. ఆపితే ఫ్యాన్లు ఆగుతాయి. ఆపకుంటే ఇంజను పోతుంది, ఇంజనుతో పాటు నా కూడు పోతుంది.

కళ్ళం మూలలో బోద గడ్డి కప్పి ఒక కడవ ఉంది. పొద్దున వాగులో చెలమ తోడి హుసేన్ వలి మోసుకొచ్చినది. నేను డబ్బా తీసుకొని దాని పక్కకు పోయి నిలబడినాను.

"అక్కా, కడవలో నీళ్ళు ఉండాయా?"

"తాగేదానికా?" అంది, చేట ఆపకుండానే.

"మోటారుకు."

"ఉద్ధరిణెడు తాగదంటివే."

"దాని ఫ్యాన్లు నీ ముందర ఉండాయి గదా అక్కా. అందుకు." ఈ మాట నిజం. చెప్పేటప్పుడు నాకు గొంతులో ధైర్యం కూడా వచ్చింది.

గిడ్డమ్మ చేట ఖాళీ చేసి, ఈరన్నకు ఇచ్చి, అప్పుడు తల తిప్పింది. "నువ్వు వచ్చేటప్పుడు ఫ్యాన్లు దాని ముక్కు మీదనే ఉండె గదా తిమ్మన్నా. డబ్బా ఎందుకు తెచ్చుకున్న్యావు మరి? నువ్వు దిగంగానే చూసినా. అడుగుతావేమో, అడుగుతావేమో అని చూస్తాంటే, నువ్వు మోడాలు తోల్తాంటివి."

ఈరన్న నవ్వినాడు. హుసేన్ వలి నవ్వలేదు, ఆ కడవ మోసింది ఆయన. గిడ్డమ్మ, "సగం పొయ్యి, సగం మాకు పెట్టు," అని చేట అందుకుంది.

పైగుడ్డ మడత పెట్టి రేడియేటరు మూత మెల్లగా విప్పి, ఆవిరి పోయేవరకు ఆగి, కొంచెం కొంచెంగా పోసినాను. ఆ దావలో ఎన్ని ఊళ్ళ నీళ్ళు పోసింటానో, అంత నిదానంగా ఎప్పుడూ పోయలేదు. మోటారు గుటకలు వేస్తోంది. సుంకులమ్మ అడిగిన మాట గుర్తుకొచ్చింది. ఆమె ఆడ ఉండుంటే చెయ్యి పట్టుకొని తోలుకొచ్చి రాశి పక్కన నిలబెట్టేవాణ్ణి. పాలు కాదులే అవ్వా, కానీ ఏదో ఒకటి ఇస్తాండాది చూడు అని.

ఇంజను నిమ్మళించింది. గిడ్డమ్మ చేట ఆగలేదు. చివరి చేట జారిపోయి, గోతాలు నింపి, బండి మీదికి ఎత్తి, ఈత చాపలు కప్పి పగ్గం బిగించేసరికి పొద్దు వాలింది. అప్పుడు వచ్చిందప్పా గాలి. ఇన్ని దినాలు ఎక్కడ దాక్కుందో, వాన ముందర వచ్చే గాలి, ఈశాన్యం నుంచి ఒక్క ఊపున లేచి వచ్చి, హుసేన్ వలి కుప్ప వేసిన పొట్టునంతా ఎత్తుకొని, చేను మీదుగా, దావ దాటి, నా మోటారు అద్దాలు కప్పేసి పోయింది. కుప్ప ఉన్నచోట అలికిన నేల మాత్రం మిగిలింది. నలుగురం నిలబడి చూసినాము. నేను ఫ్యాన్లు మళ్ళీ మోటారు ముక్కుకు బిగించుకుంటున్నాను, మొదటి చినుకులు బోనెట్టు మీద పడి చుర్రుమంటున్నాయి.

గిడ్డమ్మ బండి మీద ఒక గోతం మాత్రం మూతి కట్టకుండా పెట్టుకుంది. కళ్ళం అయినాక చేతిపనోళ్ళకు వాళ్ళ పాలు గింజలు, అదే మేర, ఇవ్వాల కదా. నాగలి చేసిన వడ్లాయనకు ఇంత, కర్రు సాగదీసిన కమ్మరికి ఇంత అని బుట్టల్లో పక్కకు తీసింది. అది అయినాక, "తిమ్మన్నా, పైగుడ్డ పట్టు," అంది.

పట్టినాను. కొలిచే పడి నిండా తీసి, మీద గోపురం వచ్చేట్టు పోసింది. "ఇది ఫ్యాన్లకు మేర. మోటారు ఇంటికి పోయి తింటాదో, నువ్వే తింటావో, మీరూ మీరూ చూసుకోండి."

నాకు శానా సంతోషమైంది. వడ్లాయన, కమ్మరి, వాళ్ళ పక్కన నా మోటారు. ఆ సంతోషంలో నోరు ఊరుకుంటుందా?

"ఫ్యాన్లు తిరిగినందుకు ఇది సరే అక్కా. పొద్దంతా కథ చెప్పి నేను కూచున్న్యా గదా. ఆ కథకు మేర?"

గిడ్డమ్మ గోతం మూతి చుట్టి కట్టుకుంటూ, పొట్టు కుప్ప ఉండిన ఖాళీ నేల వైపు ఒకసారి చూసింది.

"దాని పాలు ఇందాక గాలి ఎత్తుకొని పాయ గదప్పా, చూడలేదా?"